రెండు దెబ్బలంటే పైకి

ఎవాల్డ్ ష్లోట్ గురించి పత్రికలవాళ్ళు రాసినదాంట్లో సగం అబద్ధం, మిగతా సగం అనవసరం. "గనిలోంచి లేచిన వజ్రం" అని రాశాడొకడు. మా గనిలో వజ్రాలెక్కడివి? బొగ్గుంది. వజ్రంతో చలికాలం పొయ్యి వెలగదు. అందుకే నేనే చెబుతాను.

యుద్ధం అయిపోయాక జర్మనీలో మా రూర్ బొగ్గు ప్రాంతంలో సైకిలు టైరు కంటికి కనబడేది కాదు. ఎవాల్డ్ తోటకు నీళ్ళు పట్టే గొట్టం కోసి చక్రాలకు చుట్టాడు. దాని మీద పల్లెలకు పోయి, బంగాళాదుంపల మూట వీపుకి కట్టుకుని వచ్చేవాడు. రైలు పెట్టెలకు వేలాడుతూ వెళ్ళినవాళ్ళు ఇల్లు చేరేసరికి ఎవాల్డ్ వాళ్ళమ్మ దుంపలు ఉడకబెట్టి, తొక్క తీసి, ఉప్పు కూడా వేసేసేది. ఒకసారి బ్రిటిష్ సిపాయిలు జీపులో వెంటపడ్డారట. పట్టుకోలేక, చివరికి నవ్వొచ్చి, సిగరెట్టు ఇచ్చి పంపారట. ఈ కథ మా కాలనీలో ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా చెబుతారు. సిగరెట్లు మాత్రం ప్రతి ఇంట్లోనూ పెరుగుతుంటాయి.

గొట్టం మీద అంత వేగంగా పోయేవాడు అసలు టైరు మీద ఎలా పోతాడో చూద్దామని మేం గని కూలీలం కలిసి అతనికి రేసు సైకిలు కొన్నాం. రెండేళ్ళు తిరక్కుండా, మాతోపాటు చేసే గని పని మానేసి, దీపం గని దీపాల గదిలో అప్పగించేసి, సైకిలే బతుకుగా పెట్టుకున్నాడు. చలికాలం ఆరు రోజుల పందేలు. కప్పు కింద చెక్క దారి, పొగ, బ్యాండు, పై వరసల్లోంచి మా ఈలలు. మధ్యమధ్యలో ఎవడో కసాయి ఒక పందిపిల్లను బహుమతిగా ప్రకటిస్తాడు, ఆ చుట్టు గెలిచినవాడిదే పంది. ఎవాల్డ్ గెలిచాడు. ఆ పందిని కాలనీ దాకా తాడు కట్టి నడిపించుకొచ్చాం. దానికి లుట్టర్‌మాన్ అని పేరు పెట్టాం. లుట్టర్‌మాన్ అంటే మా ఊరి రేసు మైదానం డైరెక్టరు. ఆయనకి ఆ సంగతి తెలిసింది. పంది కంటే ఆయనే ఎక్కువ గుర్తుపెట్టుకున్నాడు.

తర్వాత ఒక పందెంలో పడి మెడ కింది ఎముక విరిగింది. ఒక్క ఊపులో దూసుకుపోయే బలం పోయింది. అయితే ఊపిరి పోలేదు, గనిలో పుట్టిన ఊపిరి అంత సులువుగా పోదు. అప్పుడు మోటారు వెనక రేసుల్లోకి మారాడు. ముందు పెద్ద మోటారు సైకిలు, దాని మీద తోలు కోటు వేసుకుని నిటారుగా నిలబడే మోటారువాడు. అతని వీపు వెనక గాలి నీడ. ఆ నీడలో సైకిలువాడు. నీడలో ఉన్నంతసేపు రాజు. అరచేతి దూరం వెనకబడ్డాడా, గాలి గోడలా వచ్చి ముఖాన గుద్దుతుంది, ఇక మోటారు అందదు. అందుకే సైకిలువాడు అరుస్తుంటాడు: వేగం కావాలంటే "అలే!", తగ్గించాలంటే "హో!" ఆ అరుపు వినబడాలని మోటారువాడి టోపీకి చెవుల దగ్గర గాలి గొట్టాల్లాంటివి వెనక్కి తిప్పి కుట్టి ఉంటాయి. ముందు కళ్ళు, వెనక చెవులు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి.

ఎవాల్డ్ మోటారువాడు బ్రూనో మామ. నాకు మామ కాదు, ఎవరికీ కాదు, కాలనీ అంతటికీ మామ. వీపు తలుపంత వెడల్పు. మోటార్లలోకి రాకముందు ఇరవై ఏళ్ళ పైన మా గని అడుగున గంట కొట్టేవాడు. మమ్మల్ని గనిలోకి దించి పైకి లాగే ఇనప బోను ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆగాలో పైనున్న ఇంజనువాడికి ఆ గంటే చెప్పాలి.

ఆ వేసవిలో లుట్టర్‌మాన్ ఎవాల్డ్‌ని పిలిచి చెప్పాడు: "ఆదివారం గంటసేపు జరిగే రేసులో మొదటి ముగ్గురిలో వస్తే చలికాలానికి కాంట్రాక్టు రాస్తాను. రాకపోతే నీ దీపం గనిలో నీ కోసం ఎదురుచూస్తోంది. ఇంకో మాట, ఆ ముసలి బ్రూనోని వదిలించుకో. కుర్రాణ్ణి ఇస్తాను."

ఎవాల్డ్ వచ్చేశాడు. గని అంటే మాకెవరికీ సిగ్గు లేదు. కానీ వాళ్ళ నాన్న కిటికీ దగ్గర కూర్చుని దగ్గే దగ్గు వీధి చివరిదాకా వినబడేది. ఆ దుమ్ములోకి మళ్ళీ దిగాలా, గాలిలో ఉండాలా అన్నదే ఆదివారం తేలాల్సింది.

ఆదివారం నేనూ మా ఆవిడ ఎల్ఫ్రీడా బంగాళాదుంపల సలాడు గిన్నె, మాంసం ఉండలు మూటగట్టుకుని మధ్యాహ్నానికల్లా మైదానానికి చేరాం. దక్షిణం మలుపంతా మా గనివాళ్ళే. అందరూ ఆదివారం చొక్కాలు తొడుక్కుని, మెడలు ఎర్రగా తోముకుని వచ్చారు. ఇంకా కూర్చోనేలేదు, ఎవాల్డ్ చేసుకోబోయే పిల్ల హెడ్విగ్ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది.

"కాస్పరన్నా, కొంప మునిగింది! ఎవాల్డుకి గొంతు పోయింది!"

"పోవడమేంటి?"

"నిన్న పక్కింటివాళ్ళ పాతికేళ్ళ పెళ్ళిరోజు కదా. సాయంత్రమంతా పాడాడు. మంచులో పెట్టిన బీరు తాగాడు, మళ్ళీ పాడాడు. పొద్దున లేస్తే గొంతులోంచి గాలి తప్ప ఏం రావట్లేదు."

కిందికి దిగి చూశాం. ఎవాల్డ్ సైకిలు పక్కన నిలబడి నోరు తెరిచాడు. తుప్పు పట్టిన గేటులాంటి చప్పుడొకటి వచ్చి, అదీ ఆగిపోయింది.

"ఏంట్రా నువ్వు పాడింది? పాతికేళ్ళ పెళ్ళికి పాతిక పాటలా?" అన్నాను.

బ్రూనో మామ తోలు కోటు బిగించుకుంటూ గొణిగాడు. "నాలుగు పాటలే. ఒకే పాట పదేసి సార్లు పాడాడు. నేనూ అక్కడే ఉన్నా."

"మరి నువ్వాపలేదేం మామా?"

"నేనే కదా రెండో గొంతు."

హెడ్విగ్‌కి ఏడుపొస్తోంది. "అరవకుండా మోటారు వెనక ఎలా పోతాడు? వద్దులే, తప్పుకోమనండి. ఎముకలు విరగ్గొట్టుకుంటే నేను చూడలేను."

ఎవాల్డ్ తల అడ్డంగా ఊపాడు. తప్పుకుంటే కాంట్రాక్టు లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

అప్పుడు మా ఎల్ఫ్రీడా అంది: "తల ఊపడం బాగానే వచ్చుగా ఇతనికి. అరవలేకపోతే తల ఊపుతాడు. నేను చూస్తా."

ఇది నవ్వే మాట కాదు. మా ఇంట్లో పందెం పావురాలున్నాయి. ఆకాశంలో ఆవగింజంత చుక్క కనబడితే చాలు, మన మచ్చల మగదా, పక్కింటి పీనుగుదా అని చెప్పేస్తుంది ఎల్ఫ్రీడా. నాకు బుర్రలో గంట మోగింది. నిజంగానే గంట.

"మామా, బోను గంట గుర్తుందా?"

"ఒరేయ్, నిద్రలో అడుగు. ఒక దెబ్బ ఆగు. రెండు దెబ్బలు పైకి. మూడు కిందికి."

"దక్షిణం మలుపు కంచెకి సబ్బు కంపెనీ ప్రకటన రేకు ఉందా? దాని మీద కొడతాం. ఎవాల్డ్ తల రెండుసార్లు ఊపితే రెండు దెబ్బలు, నువ్వు వేగం పెంచు. ఒకసారి ఊపితే ఒక దెబ్బ, తగ్గించు. ప్రతి చుట్టూ మా ముందునుంచే కదా పోవాలి."

"ఆరు మోటార్ల గోలలో ఒక రేకు నాకు వినబడుతుందా?"

"ఒక రేకా? వంద బూట్లు, వంద గిన్నెలు, ఒక్క చప్పుడు. వినబడకపోతే సమాధిలో ఉన్నట్టే లెక్క."

ఎవాల్డ్ నా చేయి పట్టుకుని రెండుసార్లు తల ఊపాడు. పైకి.

మలుపులో వరస వరసకీ కబురు పాకింది. ఎవరికీ రెండోసారి చెప్పక్కర్లేదు. గంట సంగతి మావాళ్ళకి తల్లిపాలతో వచ్చింది. నేను రేకు దగ్గర నిలబడ్డాను, చేతిలో ఎవరో ఇచ్చిన పెద్ద పానా. ఎల్ఫ్రీడా నా పక్కన, దుర్భిణి కళ్ళకి పెట్టుకుని.

తుపాకీ పేలింది. ఆరు మోటార్లు, ఆరుగురు సైకిలువాళ్ళు. ముందు బెల్జియం వాడు, వెనక డచ్చివాడు, తర్వాత మనవాడు. కాసేపటికి ఎల్ఫ్రీడా అరిచింది: "రెండు!"

ధన్! ధన్! మలుపంతా ఒక్కటిగా. బ్రూనో మామ వీపు చిన్నగా కదిలింది. మోటారు లేచింది, దాని నీడలో ఎవాల్డ్ లేచాడు. డచ్చివాణ్ణి పక్కనుంచి దాటేశారు. హెడ్విగ్ నన్ను కౌగిలించుకోబోయి సలాడు గిన్నె తన్నేసింది. ఎవరికి కావాలి సలాడు!

అంతలో లుట్టర్‌మాన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం బీటు దుంపలా ఉంది.

"ఏమిటీ మోత? ఆపండి! ఇది బయటి సహాయం!"

"లుట్టర్‌మాన్ గారూ, మీ గేటు దగ్గర బోర్డు మీద ఏం రాశారు? ప్రేక్షకులు తమ ఉత్సాహం చూపవచ్చు అని. చూపిస్తున్నాం."

"ఇది ఉత్సాహమా? లెక్కపెట్టి కొడుతున్నారు!"

"ఒకటి!" అంది ఎల్ఫ్రీడా. ధన్! ఒకే దెబ్బ.

"అదిగో! అదేంటి మరి?"

"అది కాస్త తక్కువ ఉత్సాహమండీ."

చుట్టూ వరసలు నవ్వుతో ఊగిపోయాయి. ఆయన రిఫరీని పిలుస్తానని దిగిపోయాడు. రిఫరీ వచ్చాడు, చేతిలోని రూల్సు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. రేకు గురించి అందులో ఎక్కడా లేదు. "ఈల మాత్రం వేయకూడదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. మేం ఈల వేయలేదు.

నవ్వు తలకెక్కింది, అక్కడే చెడింది. రెండో స్థానం చూసేసరికి జనానికి పిచ్చెక్కింది. అవతలి మలుపులో కూడా మన గనివాళ్ళు కొందరు కూర్చున్నారు. వాళ్ళు చూశారు, రెండు దెబ్బలు కొడితే ఎవాల్డ్ ముందుకు పోతున్నాడు. అయితే ఇంకో రెండు కొడదాం! ధన్ ధన్, ధన్ ధన్, అని కంచె బద్దల మీద మొదలుపెట్టారు. అది విని మా వరసలు కూడా అందుకున్నాయి. నేను అరుస్తున్నా ఎవడూ వినట్లేదు.

బ్రూనో మామ తప్పేం లేదు. ఇరవై ఏళ్ళు ఆ చప్పుడుతో బతికిన చేయి, రెండు దెబ్బలు వింటే బుర్రనడక్కుండా తిరుగుతుంది. మోటారు ఎగిరింది. ఎవాల్డ్ నీడలోంచి జారిపోయాడు. గాలి వచ్చి గుద్దింది. మేం చూస్తుండగానే మోటారుకీ అతనికీ మధ్య ఒక ఇంటి ముంగిలంత ఖాళీ. డచ్చివాడు దాటాడు. ఫ్రాన్సువాడు దాటాడు. కొలోన్ కుర్రాడు దాటాడు. అయిదో స్థానం. ఆ కుర్రాడి మోటారువాడే, లుట్టర్‌మాన్ ఎవాల్డ్‌కి ఇస్తానన్నవాడు.

హెడ్విగ్ కళ్ళు మూసుకుంది. జనం ఇంకా కొడుతూనే ఉన్నారు, ఇప్పుడు భయంతో. భయంతో కొట్టేది ఇంకా గట్టిగా ఉంటుంది.

నేను కంచె మీదికెక్కాను. నాకు సభల్లో అరవడం అలవాటే. బొగ్గు దొరల మీద, రేటు తగ్గించినవాళ్ళ మీద, ముందుకు రమ్మని, ఆగొద్దని అరిచిన గొంతు నాది. ఆ రోజు వేరే మాట అరిచాను.

"బోనులో మనిషి ఉన్నాడు!"

అంతే అన్నాను. ఇది గని బయటివాళ్ళకి అర్థం కాదు. మా దగ్గర గంట ఒక్కడే కొడతాడు. ఎవడు పడితే వాడు కొడితే బోను ఎక్కడ ఆగుతుందో, తాడు ఎటు లాగుతుందో ఎవడికీ తెలియదు. దొరైనా, ఫోర్‌మనైనా, పై నుంచి దేవుడు దిగొచ్చినా గంట ముట్టుకోకూడదు. ఎవడైనా పొరబాటున చేయి వేస్తే ఈ మాటే అంటాం. విన్నవాడు చేయి వెనక్కి లాక్కుంటాడు.

లాక్కున్నారు. ముందు మా వరస, తర్వాత పై వరస. చప్పుడు చచ్చిపోతూ చచ్చిపోతూ అవతలి మలుపు దాకా పాకింది. వేల మంది నోళ్ళు మూసుకున్నారు. రేసు మధ్యలో, అయిదో స్థానంలో మనవాడుండగా, రూర్ జనం నిశ్శబ్దంగా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. మోటార్ల హోరు తప్ప ఏం లేదు.

"ఒకటి," అంది ఎల్ఫ్రీడా మెల్లగా.

నాకు చేయి రాలేదు. అయిదో స్థానంలో ఉన్నవాడు ఆగు అంటున్నాడు! ఇంకా తగ్గమంటున్నాడు! "సరిగ్గా చూశావా?" అన్నాను.

"పావురాన్ని గుర్తుపట్టడం నాకు నేర్పకు. ఒకటి! కొట్టు!"

కొట్టాను. ధన్. నా వెనక వంద మంది, ధన్. బ్రూనో మామ వీపు కుదురుకుంది. మోటారు నెమ్మదించింది, ఎవాల్డ్ మెల్లమెల్లగా పాకి ఆ నీడలోకి తిరిగి చేరాడు. అక్కడ ఊపిరి తీసుకున్నాడు. ఎవడి మాటా వినకుండా, ఎవరు దాటుతున్నా చూడకుండా, చుట్టు తర్వాత చుట్టు. మేం చేతులు కట్టుకుని కూర్చున్నాం. వెనక వరసలో ఒక ముసలాయన బూటు కోపంగా కొరుక్కుంటున్నాడు, నిజంగా బూటే, కొట్టడానికి విప్పింది.

ముందున్న వాళ్ళు ఒకర్నొకరు తరుముకుంటూ అలిసిపోయారు. కొలోన్ కుర్రాడి మెడ ఊగడం మొదలైంది. అప్పుడు ఎల్ఫ్రీడా నా మోచేయి గిల్లింది.

"రెండు! కాస్పర్, రెండు!"

ధన్! ధన్!

అబ్బా, ఆ చప్పుడు! గిన్నెలు, బూట్లు, గొడుగులు, బీరు పీపాలు, అవతలి మలుపు కూడా ఈసారి మా చప్పుడు విన్నాకే, ఒక్క అడుగు తేడా లేకుండా. కొలోన్ కుర్రాడు వెనకబడ్డాడు. మళ్ళీ రెండు. ఫ్రాన్సువాడి పక్కకి చేరారు. చివరి చుట్టు గంట మోగింది. ఇద్దరూ పక్కపక్కనే మా మలుపులోకి వచ్చారు. ఎవాల్డ్ తల ఊపట్లేదు, ఇక ఊపేంత బలం లేదు, కానీ నోరు తెరిచి ఏదో అంటున్నాడు. ఎల్ఫ్రీడా దుర్భిణి కిందకి దించేసింది. "పైకి అంటున్నాడు," అంది. అది చూడ్డానికి దుర్భిణి ఎందుకు?

కొట్టాం. ఫ్రాన్సువాణ్ణి ఒక చక్రం తేడాతో దాటాడు. మూడో స్థానం!

టోపీలు ఎగిరాయి. ఒకావిడ కేకు ఎగరేసింది. గెలిచిన బెల్జియం వాడు దండ మెడలో వేసుకుని చుట్టూ చూసి, "ఈ దేశంలో మూడోవాణ్ణి గెలిచినవాడంటారా?" అని అడిగాడట.

లుట్టర్‌మాన్ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు, ఒప్పుకోవాలి. వేల మంది ముందు నిలబెట్టుకోక చస్తాడా? మైకు పట్టుకుని దారి మధ్యలోకి వచ్చాడు. "చలికాలానికి ఎవాల్డ్ ష్లోట్‌తో కాంట్రాక్టు! కొత్త, యువ మోటారువాడితో!" అన్నాడు. "అయ్యా ష్లోట్, గొంతు లేదు కదా, తల ఊపండి చాలు."

బ్రూనో మామ టోపీ తీసి చేతిలో పట్టుకుని, బూట్లకేసి చూసుకుంటున్నాడు. ఆ వెనక చెవులు రెండూ నేలకి వేలాడుతున్నాయి.

ఎవాల్డ్ సైకిలు మీద ఒరిగి, తల ఒకే ఒక్కసారి ఊపాడు.

లుట్టర్‌మాన్ చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాడు. ఆయనకేం తెలుసు. నేను పానా ఎత్తాను. మా మలుపు, అవతలి మలుపు, నడుమ ఖరీదైన సీట్లలో కూర్చున్నవాళ్ళలో కూడా కొందరు: ధన్! ఒక దెబ్బ.

"ఏంటిది?" అన్నాడు మైకులోనే.

హెడ్విగ్ కంచె పట్టుకుని అరిచింది: "ఆగు అంటున్నాడండీ! బ్రూనో మామ లేకుండా ఎక్కడా కదలడట!"

"ముసలాడికి చెవులు వినబడవు!"

"ఇంతసేపూ విన్నదెవరు? మీరా?"

ఆ నవ్వుకి పావురాలు ఎగిరిపోయాయి. లుట్టర్‌మాన్ మా మలుపుకేసి చూశాడు. తర్వాత ఖాళీగా ఉంటే ఈ మైదానం ఎలా ఉంటుందో కూడా చూసుకున్నట్టున్నాడు, లోపల. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"సరే. బ్రూనోతోనే."

ఎవాల్డ్ తల ఊపాడు. రెండుసార్లు.

ఆ తర్వాత ఏడు చలికాలాలు ఆ ఇద్దరూ తిరగని ఊరు లేదు. గొంతు మూడు రోజులకే తిరిగొచ్చింది. అయినా ఏ ఊళ్ళో రేసు జరిగినా, పై వరసల్లో ఎక్కడో రూర్ నుంచి పనికోసం పోయిన కుంపెల్ ఒకడు ఉంటాడు. కుంపెల్ అంటే గనిలో తోటివాడు, దాన్ని మించిన చుట్టరికం మాకు లేదు. వాడు ఓపిగ్గా ఎదురుచూసి, ఎవాల్డ్ తల ఊపితేనే, కంచె మీద రెండు కొడతాడు.

పెళ్ళిలో పాదిరి "ఈమెను స్వీకరిస్తావా" అని అడిగాడు. ఎవాల్డ్ నోరు తెరిచేలోపే వెనక బల్లల మీదినుంచి ధన్ ధన్. పాదిరి కళ్ళద్దాలు తీసి మా అందరికేసీ చూశాడు. అప్పుడు హెడ్విగ్ వెనక్కి తిరిగి, పూలగుత్తితో ముందు బల్ల మీద ఒక్కటి కొట్టింది.

"ఆగండి. బోనులో మనిషిని నేను. గంట ఆయన కొట్టాలి."

అందరం నోరు మూసుకున్నాం. ఎవాల్డ్ గొంతు సవరించుకుని, చర్చి కప్పు అదిరేలా అరిచాడు:

"అలే!"